చెప్పలేను అనే జవాబు

"ఇవి ఇంట్లో కూర్చుని నింపిన ఫారాలు సార్. ఫీల్డుకు వెళ్లి రాసినవి కావు," అన్నాడు నరసరాజు, కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే.

తలెత్తి ఉంటే గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి కనిపించేది. ఎండకు కందిపోయిన మొహం, భుజాన బరువైన సంచీ. ఆ ఫారాలు నింపింది ఆమే.

అది రెండువేల నాలుగు వేసవి. ఎన్నికలు ముంచుకొస్తున్నాయి. రాంగోపాల్‌పేట్‌లో ఒక పాత మేడ మీద రామభద్రరావు గారి సర్వే సంస్థ ఉండేది. సికింద్రాబాద్ పక్కనున్న ఒక నియోజకవర్గంలో జనం ఎటు మొగ్గుతున్నారో తేల్చి చెప్పమని ఓ దినపత్రిక ఆయనకు పని అప్పగించింది. స్టాటిస్టిక్స్ చదివిన నరసరాజు అక్కడ అంకెలు తేల్చే ఉద్యోగంలో కొత్తగా చేరాడు. భీమవరం నుంచి వచ్చి అదే పేటలో మోటారు పంపుల షాపు పెట్టుకున్న సుబ్బరాజు గారి ఒక్కగానొక్క కొడుకు.

"ఏం చూసి అలా అంటున్నారో కొంచెం చెప్తారా?" అంది ఆ అమ్మాయి.

నరసరాజు ఉలిక్కిపడ్డాడు. కానీ వెనక్కి తగ్గలేదు.

"కాప్రాలో మీరు అడిగిన ఆడవాళ్లలో సగానికి పైగా 'ఎవరికి ఓటేస్తారు' అంటే 'చెప్పలేను' అన్నారట. మిగతా ఏరియాల్లో అలా లేదు. అడగకుండా టిక్కులు పెట్టుకుంటూ పోతేనే ఇలాంటి ప్యాటర్న్ వస్తుంది."

"మిగతా ఏరియాల్లో మొగుడు చెప్పింది పెళ్లాం పేరు మీద రాసుకొచ్చారు. నేను రాయలేదు. అంతే తేడా." ఆమె సంచీ కుర్చీలో పెట్టింది. "నా పేరు దేవకృప. ఎం.ఏ. పొలిటికల్ సైన్స్. దొంగ ఫారాలు రాయడం సిలబస్‌లో లేదు."

రామభద్రరావు గారు కళ్లజోడు తుడుచుకుంటూ నవ్వారు. "రేపు ఇద్దరూ కలిసి వెళ్లండి. ఎవరిది రైటో అక్కడే తేల్చుకోండి."

మర్నాడు కాప్రాలో మొదటి ఇంట్లోనే నరసరాజుకు విషయం అర్థమైంది. దేవకృప ప్రశ్న అడిగింది భార్యను. జవాబు వచ్చింది ఆమె వెనక నిలబడ్డ భర్త నుంచి.

"గామెకేం తెలుస్తది మేడం, నన్నడుగుండ్రి."

"ఆమె ఓటు గురించి కదండీ."

ఆ ఇల్లాలు భర్త వైపు ఒకసారి చూసింది. "ఏమో, చెప్పలేను," అంది. కానీ ఆ కళ్లు అలా అనడం లేదు. ఆ సంగతి నరసరాజుకు సైతం తెలిసిపోయింది.

నాలుగో ఇంటి అరుగు మీద ఒక ముసలమ్మ, ప్రశ్నలు అడగనివ్వకుండా తనే మొదలుపెట్టింది.

"ఏం బిడ్డా, గీ పిల్ల నీ పెండ్లామా?"

"కాదమ్మా. కలిసి పని చేస్తున్నాం."

"మంచిగున్నరు ఇద్దరు. జెర సోంచాయించుకో, ఆలోచన చెయ్."

దేవకృప తల వంచుకుని ఫారంలో ఏదో రాస్తున్నట్టు నటించింది. వీధి మలుపు తిరిగాక అడిగింది. "ముసలమ్మ అడిగినదానికి మీ జవాబు ఏ కాలమ్‌లో వేయమంటారు?"

"'చెప్పలేను'లో వేయండి."

"చూశారా, మగవాళ్లూ అంటారు ఆ మాట."

ఆమె నవ్వితే ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడుతుందని అతను గమనించాడు. ఆ సంగతి సర్వేకు అవసరం లేదు. అయినా బాగా గుర్తుండిపోయింది.

తిరుగు బస్సులో అతనే ఉపాయం చెప్పాడు. "చీటీ మీద పార్టీల గుర్తులు అచ్చువేసి ఇద్దాం. ఆమె టిక్కు పెట్టి, మడిచి, అట్టపెట్టెలో వేస్తుంది. మనం కూడా చూడం."

"మరి పక్కన మొగుడు?"

"ఆయన్ని నేను బయటికి తీసుకెళ్లి క్రికెట్ మాట్లాడతాను. మనవాళ్లు పాకిస్తాన్‌లో ఆడుతున్నారు. ఎంతసేపైనా మాట్లాడతారు."

దేవకృప అతని వైపు కొత్తగా చూసింది. "ఇది నాకెందుకు తట్టలేదబ్బా?"

కాప్రాలో ఆ ఉపాయం పారింది. నరసరాజు గేటు దగ్గర బౌలింగ్ గురించి వాదిస్తుంటే, లోపల ఆడవాళ్లు చీటీ మడిచి పెట్టెలో వేసేవాళ్లు. ఒకావిడ చీటీ వేశాక దేవకృప చేయి పట్టుకుని, "ఇన్నేండ్లల్ల నన్ను ఎవ్వరు అడగలే," అంది. బయటికొచ్చాక దేవకృప ఆ మాటను అలాగే నరసరాజుకు చెప్పింది. నరసరాజు ఆమె మొహం చూస్తూ ఉండిపోయాడు.

ఓ సాయంత్రం కాప్రా చెరువు దగ్గర ఉన్నట్టుండి వాన పట్టుకుంది. ఇద్దరూ ఒక మూసేసిన కొట్టు చూరు కిందికి పరుగెత్తారు. నరసరాజు పెట్టెను కడుపుకు హత్తుకుని, వీపును వానకు అప్పగించి నిలబడ్డాడు.

"మనిషి తడిస్తే పర్వాలేదా?"

"మనిషి ఆరిపోతాడు. చీటీలు తడిస్తే సిరా కరిగిపోతుంది."

ఆమె నవ్వుతూ చున్నీ కొస అతని తల మీద కప్పింది. చున్నీ చిన్నది కాబట్టి ఇద్దరూ దగ్గరగా నిలబడక తప్పలేదు. నరసరాజు నోరు తెరిచాడు. అదే నిమిషంలో బస్సు కనిపించింది.

"ఏదో చెప్పబోయారు," అంది ఆమె.

"బస్సొచ్చింది, అని."

చీటీలు లెక్కపెడితే ఆఫీసంతా నోరెళ్లబెట్టింది. భర్తలు చెప్పిన పార్టీ వేరు, భార్యలు టిక్కు పెట్టిన పార్టీ వేరు. సులువుగా గెలుస్తాడని అందరూ అంటున్న సిట్టింగ్ ఎమ్మెల్యే, వీళ్ల లెక్క ప్రకారం చిత్తుగా ఓడిపోతున్నాడు.

రామభద్రరావు గారు కంగారుపడ్డారు. "ఇలా ఇస్తే పత్రికవాళ్లు నవ్వుతారయ్యా. మగవాళ్ల లెక్కకు కాస్త బరువు పెంచు. నాలుగైదు శాతం సర్దితే సరిపోతుంది."

"చూస్తాను సార్," అన్నాడు నరసరాజు.

వెనక నుంచి దేవకృప గొంతు వినిపించింది. "చూస్తారా? ఎవరూ మార్చరని నమ్మి వేశారు వాళ్లు. ఆ మాట ఇచ్చింది నేను."

అతను లేచేలోపే ఆమె మెట్లు దిగిపోయింది.

నరసరాజు లెక్కంతా మళ్లీ మొదటి నుంచి వేశాడు. ఓటర్ల జాబితాలో ఆడవాళ్లు ఎంతమందో, మగవాళ్లు ఎంతమందో చూసి, ఆ పాళ్లలోనే కలిపాడు. ఫలితం మారలేదు. వెళ్లి రామభద్రరావు గారితో చెప్పాడు.

"సర్ది ఇవ్వలేను సార్. కావాలంటే నన్ను తీసేసి ఇంకొకరితో ఇప్పించండి."

ఆయన పెన్ను తీశారు. "తప్పయితే మనిద్దరం మీ నాన్న షాపులో పంపులు అమ్ముకోవాలి," అని సంతకం పెట్టారు. పత్రిక ఆ అంకెల్ని లోపలి పేజీలో, ఒక మూలన వేసింది.

దేవకృప పని అయిపోయింది కాబట్టి మళ్లీ ఆఫీసుకు రాలేదు. నరసరాజు ఎన్నోసార్లు ఫోన్ తీసి, మళ్లీ పెట్టేశాడు.

ఓట్ల లెక్కింపు రోజున ఎమ్మెల్యే ఓడిపోయాడు. కానీ బొటాబొటిగా. నరసరాజు చెప్పినంత తేడా లేదు. ఆఫీసులో మిఠాయిలు పంచుతున్నారు. అతను మాత్రం దేవకృప ఇల్లున్న సైనిక్‌పురికి బస్సెక్కాడు.

తలుపు తీసింది దేవకృప నాన్నగారు దేవానందం. సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరైన మనిషి, ఇంట్లోనూ నిటారుగానే నిలబడతాడు. "అమ్మాయి చర్చిలో పాటల ప్రాక్టీసుకు వెళ్లింది. కూర్చో బాబూ. ఏం పని మీద వచ్చావు?"

ఆ చూపు ముందు నరసరాజుకు అబద్ధం దొరకలేదు. "మీ అమ్మాయిని పెళ్లి చేసుకోవాలనుందండీ."

లోపల దేవకృప అమ్మ కాంతమణి గారి చేతిలో గ్లాసు చప్పుడైంది.

"అమ్మాయిని అడిగావా?"

"ఇంకా లేదండీ."

"మరి నన్నెందుకు అడుగుతున్నావు?" అన్నాడు దేవానందం. "రానీ. మంచినీళ్లు తాగు."

దేవకృప వచ్చేసరికి అతను మూడో గ్లాసు తాగుతున్నాడు. పెద్దవాళ్లు లోపలికి వెళ్లారు, తలుపు మాత్రం వేయలేదు.

"గెలిచారు. కంగ్రాచులేషన్స్," అంది ఆమె ముభావంగా.

"గెలుపు చెప్పాం కానీ తేడా తప్పు చెప్పాం. కాప్రా ఆడవాళ్లు అన్నట్టే మిగతా వాళ్లందరూ అంటారని లెక్క కట్టాను. అన్నిచోట్లా పెట్టె పట్టుకుని తిరగాల్సింది."

"ఇది చెప్పడానికి ఇంత దూరం వచ్చారా?"

"కాదు. ఆరోజు చూస్తానన్నది మళ్లీ లెక్క చూస్తాననే. చూశాను. మారలేదు. మార్చలేదు."

"తెలుసు. పేపర్లో చదివాను."

"మరి ఒక్కసారైనా..."

"ఆరోజే మీ ఆఫీసు కింది దాకా వచ్చాను. ఏ మొహం పెట్టుకుని మెట్లెక్కను? అడగకుండా మీ జవాబు నేనే రాసేసుకున్నాను కదా." ఆమె కిటికీ వైపు తిరిగింది. "మీరైనా నా వెనక రావచ్చుగా."

"ఇప్పుడొచ్చాను. ఆలస్యంగానే. నాకు మీతో కలిసి బతకాలనుంది దేవకృపా. మీ మనసులో ఏముందో నాకు అంచనా దొరకడం లేదు."

 ఆమె ఇటు తిరిగింది. "వానలో బస్సు వచ్చి చెడగొట్టింది. లేకపోతే ఆరోజే ఊఁ అనేదాన్ని."

లోపల నుంచి దేవానందం దగ్గు వినిపించింది. బయటికొచ్చి నరసరాజు ఎదురుగా కూర్చున్నాడు. "మీ పూజలు వేరు, మా ప్రార్థన వేరు. అది చిన్న విషయం కాదు. ఎవరూ ఎవరినీ మార్చకుండా ఉండగలమంటే మీ అమ్మానాన్నల్ని తీసుకురా. మాట్లాడుకుందాం."

సుబ్బరాజు గారు కొడుకు చెప్పిందంతా విని, లేచి షాపుకు వెళ్లిపోయారు. నెల రోజులకు పైగా కొడుకుతో కలిసి భోజనానికి కూర్చోలేదు. చివరికి ఒక ఆదివారం నరసరాజు అమ్మ సీతారత్నం గారు పట్టుచీర కట్టుకుని వచ్చి భర్త ముందు నిలబడింది.

"నేను ఆ పిల్లని చూసొస్తానండీ. మీరు వస్తే కారులో వెళ్దాం. రాకపోతే ఆటో పిలుస్తాను."

ఆయన భార్యను ఎగాదిగా చూశారు. తర్వాత కారు తాళాలు తీసుకున్నారు.

సైనిక్‌పురి ఇంట్లో అందరూ ఎదురెదురుగా కూర్చున్నారు. టీ కప్పులు చల్లారుతున్నాయి. దేవానందం ఎందుకో ఎన్నికల మాటెత్తాడు. సుబ్బరాజు గారు ఆ ఓడిన ఎమ్మెల్యే పార్టీకే ఓటేశారట. ఇక ఇద్దరి గొంతులూ లేచాయి. కాంతమణి గారు మళ్లీ టీ పెట్టాల్సి వచ్చింది.

ఆ గోలలో సీతారత్నం గారు దేవకృపను పక్కకు పిలిచి కూర్చోబెట్టుకుంది. అలవాటుగా సంచీలోంచి కుంకుమ భరిణె తీసింది. ఆమె నుదుటి వైపు చూసి, ఒక క్షణం ఆగి, భరిణె తిరిగి లోపల పెట్టేసింది. అరటాకులో చుట్టి తెచ్చిన మల్లెల దండ తీసి, "పూలు పెట్టుకుంటావా అమ్మా?" అని అడిగింది.

"పెట్టుకుంటానండీ."

ఆమె జడలో దండ తురుముతుంటే కాంతమణి గారు వంటింటి గుమ్మంలో నిలబడి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నరసరాజు అటు చూడలేక, చూడకుండా ఉండలేక సతమతమయ్యాడు.

సుబ్బరాజు గారు వాదన ఆపి ఆ వైపు చూశారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"అది సరే గానీ సుబేదారు గారూ, శ్రావణంలో అయితే మీకు వీలవుతుందా?"