ఒక్క పూట సద్ది

పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతున్న రంగి, కూతుర్ని అడిగింది.

“గౌహతికి ఎన్ని పూటల సద్ది కట్టాలె?”

ఏ ఊరి దూరమైనా రంగికి సద్ది లెక్కే. గరిడేపల్లి నుంచి హైదరాబాదంటే ఒక పూట, తిరుపతంటే మూడు పూటలు.

“ఒక్క పూట చాలు యాడీ. శంషాబాద్‌ల విమానమెక్కితే రెండున్నర గంటలల్ల దిగుత,” అంది అఖిల. నర్సు చదువు చదివి, పరీక్ష రాసి, గౌహతి సర్కారు దవాఖానలో ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల. సోమవారం చేరాలి. టికెట్ ఇవాళే తీయాలి.

వాకిట్లో పార కడుగుతున్న తండ్రి రూప్లా గయ్యిమన్నాడు. “సద్ది లేదు గిద్ది లేదు. పోయేదే లేదు! ఫోన్ల సూపిచ్చుకున్న. రోడ్డు మీద రెండు వేల కిలోమీటర్లు దాటుతది. కోదాడల దవాఖానలు లేవా?”

“అవి పర్మనెంట్ కాదు బా. మీకేమన్నయితే పొద్దుగాల బయలెల్లి రాత్రికి ఇంట్లుంట.”

“పిలవంగనే వచ్చేటందుకు విమానం మీ తాతదా? ఆడపిల్ల దగ్గరుండాలె. దగ్గరుంటేనే వస్తది, పోతది.”

అఖిల కళ్లలో నీళ్లు తిరిగాయి. రొట్టె తడుతున్న చప్పుడు ఆగిపోయింది.

“దగ్గరుంటే వస్తదా?” అంది రంగి. “మా పాలకీడు ఎంత దూరం? హుజూర్‌నగర్‌ల బస్సు మారితే పగటీలికి గాడుంటం. మా యాడికి పాణం బాగలేదని కబురొచ్చిన్నాడు నువ్వేమన్నవ్?”

రూప్లా చేతిలో పార అలాగే ఉండిపోయింది. వరికోతల రోజులవి. కూలీలు దొరక్క తల పట్టుకున్నాడు. ‘కోత కానీ, పోదువులే’ అన్నాడు. రంగి అప్పటికే మూట కట్టిన సద్దిని విప్పి కూలీలకు పెట్టేసింది. కోత అయ్యి వాళ్లు వెళ్లేసరికి ముసలమ్మ లేదు. ఆ సంగతి రంగి మళ్లీ ఎత్తలేదు. మరిచిపోయిందనుకున్నాడు.

“నన్ను ఆపింది దూరమా?” అంది రంగి. గొంతు పెంచలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది, పొగ అని సాకు కూడా చెప్పలేదు.

రూప్లాకు ఇన్నేళ్లకు సిగ్గేసింది. పార గోడకు ఆనించి, వచ్చి పొయ్యి దగ్గర కూలబడ్డాడు.

“టికెట్ తియ్యి బిడ్డా,” అన్నాడు చివరికి. “సూర్యాపేట మీదికెల్లి విమానం దాకా మేమిద్దరం వస్తం.” తర్వాత భార్య వైపు తిరిగాడు. “రెండు సద్దులు కట్టు.”

“ఒక్కటి చాలంటది గదా పిల్ల?”

“ఒకటి పిల్లకు. ఇంకోటి మనకు. అటెన్క ఇంటికి రాం. పాలకీడు పోదాం, మీ అన్న దగ్గరికి. నీకు బుద్ధి పుట్టినన్ని రోజులుండు.”

“నాట్లున్నయి గదా?”

“ఉండనీ.”

రంగి అతని ముఖంలోకి ఒకసారి చూసింది. డబ్బాలోంచి ఇంకో దోసెడు పిండి తీసి పళ్లెంలో పోసుకుంది.