కుముదిని పేరు మీద బండి

విశ్వకర్మ పూజ నాడు మా హథ్‌ఖోజ్ కార్ఖానా షెడ్లలో ఏ మిషనూ తిరగదు. అన్నిటికీ బొట్లు పెట్టి, దండలు వేసి, మర్నాటి దాకా ముట్టుకోం. ఈసారి నా డ్రిల్లింగ్ మిషన్ పక్కన ఇంకో బండి కూడా పూజకి కూర్చుంది. మా అమ్మాయి రోష్ని ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలతో కట్టిన జానెడు కారు.

మా పాత కారు ఫొటో చూసి కట్టింది. వెనక కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలే, పెట్రోలు మాత్రం పొదుపుగా తాగే ఆ కాలం నాటి డబ్బా బండి. కిందటి వానాకాలంలో అది మాతో సహా శివనాథ్ నదిలో పడింది. వెనక సీట్లోంచి రోష్నిని లాగగలిగాను. ముందు సీట్లో ఉన్న నా భార్య కుముదినిని లాగలేకపోయాను. ఆ తరవాత పిల్ల మాట్లాడ్డమే మానేసింది. ఈ బొమ్మ కారు మొదలుపెట్టాకే మళ్ళీ అన్నం తింటోంది, ఒకటీ అరా మాట్లాడుతోంది. నాకంటూ మిగిలింది అదొక్కతే. దీనికీ పూజ చేయించమంటే కాదనలేకపోయాను.

పండిత్‌జీ నవ్వుతూ బుల్లి చక్రాల కింద నిమ్మ ముక్కలు పెట్టాడు. బండి ఎవరి పేరు మీద ఉందని అడిగాడు. పాత కారు కాగితాలు ఆవిడ పేరు మీదే ఉండేవి. అలవాటుగా కుముదిని అనేశాను. ఆయన ఆ పేరు కలిపి సంకల్పం చదివేశాడు. చనిపోయిన మనిషని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పూజ చేసిన కారుని షెడ్డులో వదలనని రోష్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. సాయంత్రం సెక్టర్ 7లో మా క్వార్టర్‌కి చేరేసరికి వాన పట్టుకుంది. కరెంటు పోయింది. వంటింట్లో కొవ్వొత్తి వెతుకుతుంటే బురద వాసన వచ్చింది. వీధి కాలువది కాదు. నదిది. ఆ వాసన నేను ఈ జన్మలో మరిచిపోలేను.

కొవ్వొత్తి పట్టుకుని గదిలోకి వెళ్ళాను. రోష్ని మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్ళో కారు. దాని అద్దాలకి లోపలి నుంచి ఆవిరి పట్టింది. తలుపుల సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి...

"నాన్నా," అంది గుసగుసగా. "మమ్మీ సీటు బెల్టు ఊడి రావట్లేదంట. జల్దీ రమ్మంటంది. ఎళ్ళనా?"

వద్దనేలోపే వెనక్కి వాలిపోయింది. నోట్లోంచి నీళ్ళు... పొడి పక్క మీద నా కూతురు మునిగిపోతోంది.

బోర్లా తిప్పాను. వీపు చరిచాను. నీళ్ళు ఆగలేదు. దేవుడా, ఒకర్ని తీసుకున్నావు, చాలదా... కారు లాక్కున్నాను. పూజ చేసినదాన్ని ఆ రోజు విప్పకూడదు. తెలుసు. అయినా టాపు పీకాను. తలుపులు పీకాను. గోళ్ళు చిరిగాయి. ముందు సీటు ఊడింది. వెనక సీటు... అదీ ఊడింది. ముక్కలన్నీ గచ్చు మీద నీళ్ళలో చెల్లాచెదురయ్యాయి.

మంచం మీద దగ్గు వినిపించింది. ఊపిరి ఆడుతోంది. దాన్ని గుండెకి అదుముకుని బావురుమన్నాను. బతికింది. నా పిల్ల బతికింది.

నా గుండె మీది పిల్ల చల్లని చెయ్యి నా జుట్టు నిమిరింది.

"ఏవండీ," అంది కుముదిని గొంతుతో. "నన్ను తీసినారేటి? పాప ఎనక సీట్లో ఉండిపోనాది."

కొవ్వొత్తి ఆరిపోయింది. మోకాళ్ళ మీద పడి ముక్కల కోసం తడుముకున్నాను. వెనక సీటు ఏదో తెలియడం లేదు. అన్నీ ఒకేలా తగులుతున్నాయి...

మంచం కింది నీళ్ళలోంచి ఎవరో సన్నగా దగ్గారు.