ఉంగరంలో దూరిన శాలువ

నాలుగు నెలలుగా శత్రువుల గుడారాలు నల్లగట్టు దుర్గం చుట్టూ ఏటి ఒడ్డుదాకా పరచుకున్నా, వారి నగారాల మోతకు కోటలోని పావురాలు సైతం గూళ్ళు విడిచిపోయినా, పడమటి వాకిటి గడియ మాత్రం కదలలేదు. ఎలా కదులుతుంది? సేనాపతి బొల్లయనాయకుని ముద్ర పడిన ఆజ్ఞ లేనిదే దాన్ని తీయరాదని కట్టడి. ఆ ముద్రటుంగరాన్ని ఆయన స్నానానికైనా తీసి ఎరుగడు.

ముట్టడిలో చిక్కుబడిన కాశ్మీర శాలువల వర్తకుడు హసన్ మీరును ఒకనాడు మంత్రి కొమ్మన సభకు పిలిపించాడు.

"మహాప్రభూ, సేనాపతిని శాలువతో సన్మానిద్దాం. మేలిరకమైతే ఉంగరంలో దూరుతుందట. సేనాపతి ఉంగరంతోనే పరీక్షిద్దాం!" నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు పలికాడు మంత్రి.

"పరీక్షకు మా ఉంగరమే వాడటం మా ఆచారం, అయ్యా" అన్నాడు వర్తకుడు. బొల్లయ కూడా వెనుకాడాడు.

కాటయ మహారాజు నవ్వాడు. "ఇయ్యవయ్యా బొల్లయా! మేముండగా భయమేల?"

రాజాజ్ఞ! తీసి ఇచ్చాడు.

ఆరుమూరల శాలువ నీళ్ళలా ఉంగరంలోంచి జారుతుంటే సభ నోరు తెరిచింది. "ఏదీ, నన్నూ లాగనీ" అంటూ కొమ్మన రెంటినీ ఒళ్ళోకి తీసుకున్నాడు. మడతల చాటున మెత్తని మైనపు ముద్దపై ఉంగరం అద్దుకున్నాడు, పాపిష్ఠివాడు! శత్రురాజు అతనికి ఈ సింహాసనమే ఇస్తానన్నాడు మరి.

"ముట్టడి తీరాక కప్పుకుంటాను, నీ దగ్గరే ఉంచు" అని బొల్లయ ఉంగరం మాత్రం తిరిగి తొడుక్కుని, శాలువను తాకకుండానే వర్తకునికి వదిలేశాడు.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం, సేనాపతి ముద్రతో వచ్చిన ఆజ్ఞ చూసి కావలివారు గడియ తీశారు. శత్రువులు చొరబడ్డారు.

"నీ ముద్రే కదా! ఉప్పు తిన్న ఇంటికే ద్రోహమా?" రాజు గర్జించాడు.

బొల్లయ కళ్ళు చెమర్చాయి. ఉంగరం తీసి రాజు పాదాల చెంత ఉంచాడు. "ఆ ఆజ్ఞ నాది కాదు ప్రభూ. వాదించే వేళ కాదిది. వాకిలి మూసివస్తాను, ఆపై నా తల తమది."

మూశాడు. తిరిగి రాలేదు.

పోరు ముగిశాక, రాజు చూస్తుండగా, గుమ్మం లోపల పడివున్న బొల్లయ దేహంపై కప్పుదామని హసన్ మీరు శాలువ విప్పాడు. ఉన్నిపోగులెరిగిన వేళ్ళు చప్పున ఆగాయి.

"మహారాజా, మడతలో మైనం! ఇవిగో ముద్ర గీతలు! దీన్ని నేనూ మంత్రిగారూ తప్ప మరెవరూ తాకలేదు."

భటులు కొమ్మనను పెడరెక్కలు విరిచి కట్టారు. రాజు అటు చూడనైనా లేదు. "ఉంగరం తీయమన్నది నేనే కదయ్యా" అంటూ నేలమీద కూలబడి, దాన్ని మళ్ళీ బొల్లయ వేలికి తొడగబోయాడు.

కత్తిపిడి చుట్టూ బిగిసిన పిడికిలి విడలేదు.