చెరకు కొండ మీద చక్కెర లేని స్కోన్లు

శుక్రవారం తెల్లారేసరికే మాఖుజ్వాయో వంటింట్లో పిండి గాల్లో తేలుతోంది. మర్నాడు ఆమె మనవడికి ఇంబెలెకో. పసివాణ్ణి ఇంటి పెద్దలందరికీ, కన్నుమూసిన పెద్దలతో సహా, చూపించే పండుగ అది. మేక ఉంటుంది, జొన్న బీరు ఉంటుంది. అవి ఎన్ని ఉన్నా స్కోన్లు లేకపోతే మపుములో అనే మా ఊరి కొండల్లో దాన్ని పండుగ అనరు. పిండిలో వెన్న నలిపి, పులిసిన పాలతో కలిపి, కట్టెల పొయ్యిలో కాల్చిన ఆ చిన్న రొట్టెల్ని బకెట్లకు బకెట్లు చేస్తాం. ఊళ్ళో ఆడవాళ్ళం అందరం ఆ పనికి చేరతాం. చేతులు పిండిలోనూ, నోళ్ళు ఊళ్ళోవాళ్ళ మీదా పనిచేస్తుంటాయి.

మాఖుజ్వాయో స్కోన్లకు మా చుట్టుపక్కల పెద్ద పేరు. ఆవిడ చక్కెర కొలవదు. సంచి ఎత్తి వంచుతుంది, చెయ్యి చాలనేదాకా పోస్తుంది. ఆ పొద్దున కూడా అలాగే పోస్తుంటే కోడలు హ్లెంగివే గుమ్మంలో వచ్చి నిలబడింది. చంకలో ఎనిమిది నెలల ల్వాజి.

"అమ్మా, మీ పని అయ్యాక పొయ్యి కాసేపు నాకు వదులుతారా? బాబుకి వేరేగా నాలుగు స్కోన్లు చేసుకుంటాను."

"వేరేగానా? ఎందుకూ, వీడేమన్నా మంత్రిగారా?" అంది మాఖుజ్వాయో, తల ఎత్తకుండానే.

"చక్కెర లేకుండా చేద్దామని. అరటిపండు, ఖర్జూరం వేసి."

మాలో ఒకావిడకు నవ్వాగలేదు. "కిటికీలోంచి చూడు మకోటీ, కొండ చివరిదాకా ఏం కనబడుతోంది? చెరకు తోట మధ్యలో కూచుని చక్కెర లేని స్కోన్లా?"

మేమంతా నవ్వాం. కొత్త కోడల్ని మకోటీ అని పిలిచి ఆటపట్టించడం మాకు అలవాటే. మాఖుజ్వాయో మాత్రం నవ్వలేదు. హ్లెంగివే కూడా నవ్వలేదు. అప్పుడే మాకు తెలిసింది, ఇది ఆటపట్టించే వ్యవహారం కాదని.

సంగతేమిటంటే, ల్వాజి తిండి ముట్టడు. తల్లిపాలు తాగుతాడు, అంతే. మొక్కజొన్న జావ పెడితే ఉమ్మేస్తాడు, గుమ్మడికాయ పెడితే మొహం తిప్పేస్తాడు. బరువు పెరగట్లేదని, ఇక పాలొక్కటే చాలవని క్లినిక్‌లో నర్సు గట్టిగా చెప్పింది. సోమవారానికి హ్లెంగివే సెలవు అయిపోతుంది. డర్బన్‌లో ఆసుపత్రి బట్టలుతికే చోట ఆమె ఉద్యోగం. పిల్లాణ్ణి నాయనమ్మ దగ్గర వదిలి వెళ్ళాలన్నది ముందునుంచీ అనుకున్నదే. మా పిల్లలందరూ అలా పెరిగినవాళ్ళే.

అయితే కిందటి వారం హ్లెంగివే ఒకటి చూసింది. అత్తగారు వేలు చక్కెరలో అద్ది పిల్లాడి నాలుకకు రాస్తోంది. ఆ రోజు కోడలు గొంతు పెంచలేదు. "ఇంకోసారి చూశానంటే సోమవారం వాణ్ణి నాతోనే తీసుకుపోతాను," అని మాత్రం అంది. తీసుకుపోయి ఎక్కడ ఉంచుతుంది? ఒక్క గది, పగలంతా మొగుడూ పెళ్ళాం పనిలో. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెట్టాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా పిల్లాడి బట్టల సంచీ సర్ది గుమ్మం పక్కన పెట్టింది. మాఖుజ్వాయో రోజూ దాన్ని చూస్తూ తిరుగుతోంది.

మా పని అయ్యాక హ్లెంగివే మొదలుపెట్టింది. స్టాంగర్ బజారు నుంచి తెచ్చిన ఖర్జూరాలు గింజలు తీసి నానబెట్టి, పీచు తగలకుండా నూరింది. తొక్క నల్లబడేదాకా మగ్గిన అరటిపళ్ళు చిదిమింది. పిండిలో వెన్న వేళ్ళ చివర్లతో నలిపి, అన్నీ కలిపి, పసివాడి పిడికిట్లో ఇమిడేలా వేలంత పొడవున కోసింది. ఇళ్ళకు పోదామని లేచినవాళ్ళం పోలేదు. చక్కెర లేని పిండి పొంగుతుందా అని మాకు అనుమానం. పొంగింది. వంటిల్లంతా అరటిపండు వాసన నిండింది. ఒకటి చిదిమి నోట్లో వేసుకుంటే మెత్తగా కరిగి, ఎక్కడినుంచో నెమ్మదిగా తీపి తగిలింది. మాఖుజ్వాయో ముందు ఏం మాట్లాడమంటారు?

హ్లెంగివే ఒకటి చల్లార్చి పిల్లాడి చేతిలో పెట్టింది. ఎదురుగా కూచుని వాడి నోరే చూసింది. ఇటు పక్క నాయనమ్మ కూడా చూస్తోంది. ల్వాజి దాన్ని పిసికాడు, చాప మీద రాశాడు, మొహం తిప్పేశాడు.

"చూశావా," అంది మాఖుజ్వాయో. ఆ ఒక్క మాటకే కోడలి కళ్ళు నిండిపోయాయి.

మిగిలిన స్కోన్లను హ్లెంగివే ఒక ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టి మూత వేసింది. మా బకెట్లతో పాటు ఆ డబ్బా కూడా గోగో గుడిసెలోకి చేరింది. పండుగ స్కోన్లను ఇంట్లో అందరికంటే పెద్దావిడ గదిలో, మంచం పక్కన దాచడం మా పద్ధతి. లేకపోతే తెల్లారేసరికి సగం బకెట్లు ఖాళీ. పెద్దావిడ పడుకున్న గదిలోకి వెళ్ళి దొంగతనం చేసే ధైర్యం ఎవరికీ ఉండదు.

గోగో అంటే మాఖుజ్వాయోకు అత్తగారు, ల్వాజికి ముత్తవ్వ. ఎంత వయసో ఆవిడకే తెలియదు. చలికాలం నుంచి మంచం దిగలేదు. పలచటి జావ రెండు గుక్కలు తాగి గోడవైపు తిరిగి పడుకుంటుంది. ముని మనవడి పండుగ చూడ్డానికే ప్రాణం పట్టుకుని ఉందని మేమంతా అనుకుంటున్నాం.

శనివారం పొద్దున ముంగిట్లో పెద్ద కుండలు పొయ్యి ఎక్కాయి. హ్లెంగివే పిల్లాణ్ణి ఎత్తుకుని గోగో గుడిసెలోకి వెళ్ళింది. ఇంకోసారి ప్రయత్నిద్దామని ఆశ. బకెట్లు పెట్టిన చోటే ఉన్నాయి. వాటి మీద పెట్టిన డబ్బా లేదు. గోగో దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి ఉంది. హ్లెంగివే పిల్లాణ్ణి చాప మీద వదిలి గబగబా బయటికి వచ్చింది.

"అమ్మా, నా డబ్బా ఏది?"

"ఏ డబ్బా?" మాఖుజ్వాయో క్యాబేజీ తరుగుతోంది.

"బాబు స్కోన్ల డబ్బా. మీకు తెలీకుండా ఆ గదిలోంచి ఎవరు తీస్తారు? కోళ్ళకి వేశారా?"

మా చేతుల్లో కత్తులు ఆగిపోయాయి. పండుగపూట, నలుగురిలో, అత్తగారితో మా కోడళ్ళెవరూ అలా మాట్లాడరు. భర్త తోబిసి మేక దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి, ఎవరి పక్కన నిలబడాలో తెలియక మధ్యలో నిలబడ్డాడు.

"నేను తిండిని కోళ్ళకి వేసే మనిషినా?" మాఖుజ్వాయో కత్తి పక్కన పెట్టింది. "ఈ గోడలు చూడు. మీ మామగారు కోతకి ముందు ఆకు కాల్చిన చేలో చెరకు కొట్టి కట్టినవి. ఇంటికొస్తే కళ్ళు తప్ప ఏమీ కనబడేది కాదు, అంత మసి. నీ మొగుడి చదువు చక్కెర. నువ్వు కప్పుకున్న దుప్పటి చక్కెర. ఇప్పుడు నువ్వొచ్చి నా ఇంట్లో చక్కెర విషమంటావు."

"విషమని నేనెప్పుడన్నాను అమ్మా?" హ్లెంగివే ఏడుపు ఆపుకోలేదు. "మా అమ్మకి ముందు బొటనవేలు తీశారు. తర్వాత పాదం. తర్వాత మోకాలి దాకా. నా పెళ్ళిరోజు ఆవిడ కుర్చీని ఈ ముంగిట్లో తోసింది మీరే కదా. మీ చేతుల్తోనే కదా. ఆ చక్కెర జబ్బు ఎలా వచ్చిందో డాక్టర్లు ఏవేవో చెప్పారు. నాకు మాత్రం అమ్మ టీ కప్పులో చెంచా తిరిగే చప్పుడే చెవుల్లో ఉంది. నా పిల్లాడి నోట్లో మీ వేలు చూసినప్పుడు అదే వినబడింది. భయం అమ్మా. మీ మీద కోపం కాదు."

మాఖుజ్వాయో తన రెండు అరచేతులూ చూసుకుంది.

అప్పుడు వినబడింది గుడిసెలోంచి నవ్వు. ముసలి నవ్వు, దగ్గుతో కలిసిన నవ్వు. చలికాలం నుంచి మేమెవరం వినని నవ్వు.

అందరం గుమ్మం దగ్గరికి పరిగెత్తాం. అక్కడ నేను చూసినది ఇప్పటికీ కళ్ళముందు ఉంది. గోగో మంచం దిగి చాప మీద కూచుంది. స్కోన్ల బకెట్లకు వీపు ఆనించి, ఎవరూ పట్టుకోకుండా, తనంతట తానే. ఒళ్ళో ఐస్‌క్రీమ్ డబ్బా, దుప్పటి నిండా పొడి. మోకాళ్ళ మధ్య ల్వాజి. ఆవిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుని చిగుళ్ళతో నములుతుంటే వాడు కన్నార్పకుండా ఆ నోరే చూస్తున్నాడు. రెండో ముక్క చాచింది. వాడు లాక్కున్నాడు. నోట్లో పెట్టుకుని, అచ్చం ఆవిడలాగే దవడ తిప్పి, మింగాడు. మళ్ళీ చెయ్యి చాచాడు.

ఒకరికి పళ్ళు ఇంకా రాలేదు, ఒకరికి పోయి ఎన్నేళ్ళయిందో. ఇద్దరూ ఒకే రొట్టె తింటున్నారు. గుమ్మంలో ఇంతమందిమి ఉండి ఒక్కరమూ కదల్లేదు. అంతలో ల్వాజి తన పిడికిట్లో నలిగిన ముక్కను ఎత్తి గోగో నోటికి అందించాడు. ఆవిడ నోరు తెరిచి తీసుకుంది. తోబిసి టోపీ తీసేశాడు.

"ఎవరు చేశారివి?" అంది గోగో, మా వైపు చూడకుండానే.

"మకోటి చేసింది అమ్మా," అంది మాఖుజ్వాయో.

"రాత్రి వాసనకి నిద్ర పట్టలేదు. నీ బకెట్లోది కూడా ఒకటి కొరికాలే. చిగుళ్ళు నొప్పెట్టాయి. ఇవైతే నోట్లో పెట్టగానే నా మాట విన్నాయి." ఇంకో ముక్క తుంచింది. "మీ గొడవ వినబడింది. నా పళ్ళు పోయాయి కానీ చెవులు పోలేదు. చక్కెర ఈ ఇల్లు కట్టిందన్నావు, నిజమే. పిల్లప్పట్నుంచీ ఆ చెరకే నమిలాను. నా పళ్ళన్నీ తీసుకుని మరీ కట్టింది."

హ్లెంగివే మొహంలో చిన్న వెలుగు కనబడగానే గోగో అటు తిరిగింది.

"నువ్వేం నవ్వకు. మీ ఇద్దరూ వాడి ముందు పోలీసుల్లా కూచుని వాడి నోరే చూస్తారు. వాడితో పాటు ఒక్కరైనా తిన్నారా? ఒంటరిగా ఎవరు తింటారే? నేను తిన్నానా ఇన్నాళ్ళూ?"

ఆ మాట అందరికీ తగిలింది. జావ గిన్నె మంచం పక్కన పెట్టి పనికి పోయేవాళ్ళమే మేమందరం. మాఖుజ్వాయో వెళ్ళి అత్తగారి కాళ్ళ దగ్గర నేల మీద కూలబడి, ఏప్రన్‌తో మొహం కప్పుకుని ఏడ్చింది. హ్లెంగివే ఆమె పక్కనే కూచుంది. ఇద్దరి భుజాలూ ఆనుకున్నాయి.

చివరికి మాఖుజ్వాయో మొహం తుడుచుకుంది. "అరటిపళ్ళు ఎంత మగ్గాలి?"

"తొక్క నల్లబడాలి అమ్మా."

"అవి పందులకి వేసేవి కదే."

"అవే కావాలి."

"సరే. సోమవారం బస్సెక్కే లోపల నా చేత ఒక వాయి చేయించు. నువ్వు కొలిచి చెప్పు, నేను కొలుస్తాను." పిల్లాడి చెంప మీది పొడి తుడిచి, "ముగ్గురం కలిసి తింటాంలే. నేనూ, వాడూ, గోగో," అంది.

హ్లెంగివే లేచి ఇంట్లోకి వెళ్ళింది. గుమ్మం పక్కన సంచీ విప్పి, పిల్లాడి బట్టలు ఒక్కొక్కటే తీసి అత్తగారి అలమారాలో పెట్టింది. కిటికీలోంచి చూసిన నేను మా వాళ్ళకి సైగ చేశాను. కత్తులు మళ్ళీ కదిలాయి.

మధ్యాహ్నం పండుగ జరిగింది. తోబిసి పెదనాన్న వచ్చి గోగో గుడిసె లోపల, వెనక గోడ దగ్గర, కన్నుమూసిన పెద్దలు ఉంటారనే చోట, వాసన ఆకు వెలిగించి, మాఖుజ్వాయో భర్తతో సహా పోయినవాళ్ళందరి పేర్లూ పిలిచి ల్వాజిని చూపించాడు. వాళ్ళ కోసం మాంసం, బీరు పళ్ళెంలో పెట్టారు. అందరూ తలలు వంచి ఉండగా మాఖుజ్వాయో మోకాళ్ళ మీద ముందుకు వెళ్ళింది. ఏప్రన్ జేబులోంచి వేలంత స్కోను ఒకటి తీసి ఆ పళ్ళెంలో పెట్టింది.

పెదనాన్న కళ్ళు పెద్దవి చేసి చూశాడు. ఆవిడ పట్టించుకోలేదు. వెనక్కి వచ్చి కోడలి పక్కన కూచుని, చెవి దగ్గర నెమ్మదిగా అంది.

"మీ మామగారికి కూడా చివర్లో పళ్ళు లేవు మకోటీ. ఇలా మెత్తగా చేసి పెట్టాలని నాకు తోచనే లేదు."