కింది ఇంటి తాళం

"కిందోళ్ల మోటరు బంద్ చేసిన! ఇగ నీళ్లెట్ల వస్తయో నేనూ జూస్త!"

మెట్లెక్కి వస్తూనే భర్త పండరి అన్న ఆ మాటకు రోజారాణి చేతిలోని గిన్నె జారి గచ్చు మీద పడింది. ఆ చప్పుడుకు కింద కుక్క ఒక్కసారి మొరిగింది. అంతే! రోజారాణి పరుగెత్తి తలుపు గడియ పెట్టి, ఆ తలుపుకే వీపు ఆనించి నిలబడిపోయింది.

"సూసినవా అమ్మా, ఎట్ల వణుకుతుందో! గా కుక్క ఈ ఇంట్ల ఉన్నన్ని దినాలు నా పెండ్లాం బతుకు గింతే!" అన్నాడు పండరి తల్లితో. పోసవ్వ మోకాళ్లు రాసుకుంటూ కోడలి వైపు జాలిగా చూసింది.

కింది పోర్షన్‌లో కిరాయికి ఉంటున్న భాస్కర్, రేఖ తండా నుంచి వచ్చిన దంపతులు. అతను ఆటో నడుపుతాడు, ఆమె దవాఖానలో నర్సు. రెండేళ్లుగా ఒక్క మాట పడకుండా, కిరాయి ఒక్కనాడు ఆపకుండా ఉన్నవాళ్లు. ఈ ఎండాకాలం మొదట్లో తండాలో భాస్కర్ తల్లి జమునాబాయి కన్నుమూసింది. ఆమె పెంచుకున్న కుక్క మోతి తిండి మానేసి, తాళం వేసిన గుడిసె ముందే పడి ఉంటే చూడలేక, వాళ్లు దాన్ని బాన్సువాడలోని ఈ ఇంటికి తెచ్చుకున్నారు. ఆ రోజు నుంచే రోజారాణికి కంటి మీద కునుకు కరువైంది! చిన్నప్పుడు వర్ని ఊరి దగ్గరి పుట్టింట్లో ఆమె తమ్ముడు రాందాస్ పిచ్చికుక్క కరిచి చనిపోయాడు. పదేళ్ల పిల్లగా ఆ చావును కళ్లారా చూసిన రోజారాణికి ఇప్పటికీ కుక్క గొలుసు గలగల వింటే అడుగు ముందుకు పడదు. మోతి వచ్చాక ఆమె మెట్లు దిగడమే మానేసింది. బడి నుంచి కూతురు సిరీష రాగానే ఆ పిల్ల కాళ్లు, చేతులు పట్టుకుని ఎక్కడైనా గీరుకుపోయిందా అని వెతుక్కునేది. చివరికి ఒకరోజు భర్త చేతులు పట్టుకుని ఏడ్చింది. "ఆ కుక్కనన్న పంపియ్యి... లేకుంటే నన్నన్న మా అమ్మగారింటికి పంపియ్యి!" అంది.

ఆ మాట పట్టుకునే పండరి ఇంతదాకా వచ్చాడు.

కాసేపటికి తలుపు తట్టిన చప్పుడైంది. బయట రేఖ నిలబడి ఉంది, చేతిలో ఖాళీ బిందెతో.

"అక్కా, నల్లాల నీళ్లొస్తలేవు. ఒక్క బిందె పట్టుకుంట..."

"రావు! నేనే బంద్ చేసిన," పండరి ముందుకొచ్చాడు. "కుక్కను ఎల్లగొట్టుండ్రి, నీళ్లిస్త. లేదంటే ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి!"

రేఖ ముఖం పాలిపోయింది. అయినా గొంతు పెంచలేదు. "అన్నా, ఖాళీ చెయ్యమంటే చేస్తం. కాని దానికొక పద్ధతుంటది గదా... నోటీసియ్యాలె, ఇల్లు సూస్కునేటందుకు టైమియ్యాలె. మన కిరాయి కాగితంల కుక్కను పెంచొద్దని ఎక్కడ రాసుకోలే. మోతికి సూదులన్నీ ఏపిచ్చినం. నీళ్లు బంద్ చేసుడు మాత్రం తప్పన్నా, చట్టం ఒప్పుకోదు."

"నా ఇంట్ల ఉంటూ నాకే చట్టాలు చెప్తున్నవా!"

రేఖ ఇక అతన్ని వదిలి, తలుపు వెనక దాక్కున్న రోజారాణి వైపు తిరిగింది. "నీ బాధ నాకెరుకే అక్కా. నువ్వు దిగే టైముల దాన్ని కట్టేసి ఉంచుతం. ఎట్ల జెప్తే గట్ల చేస్తం. మా అత్త యాదికి అదొక్కటే మిగిలింది... మా ఆయన దాన్ని వదిలిపెట్టలేడక్కా!"

రోజారాణి ఒకసారి భర్త ముఖం చూసింది, ఖాళీ బిందె చూసింది... తల దించుకుంది! రేఖ వచ్చినట్టే మెట్లు దిగి వెళ్లిపోయింది.

మరునాడు భాస్కర్, రేఖ పనికి వెళ్లగానే పండరి మరో పని చేశాడు. వాళ్ల తలుపుకు వాళ్లు వేసుకున్న తాళం పక్కనే తన తాళం ఒకటి వేశాడు. వెనక రేకుల వరండాలో మోతి ఉంటుంది. ఆ కటకటాల తలుపుకూ మరో తాళం బిగించాడు. తాళంచెవులు తెచ్చి రోజారాణి కొంగుకు తానే ముడివేశాడు.

"వాళ్లొచ్చి మొత్తుకున్నా తియ్యకు. నేను చెరుకు తోటకు పోయొస్త. ఇయ్యాలతోని నీ ఫికర్ తీరిపోతది, సూడు!"

మధ్యాహ్నానికి ఎండ నిప్పులు చెరిగింది. రేకుల కింద మోతి మొదట మొరిగింది, తర్వాత మూలిగింది. రోజారాణి రెండు చేతులతో చెవులు మూసుకుంది. 'అరవనీ... ఎంత సేపు అరుస్తుంది!' అనుకుంది. కాసేపటికి అరుపు సన్నబడింది. ఆ తర్వాత... ఏ చప్పుడూ లేదు!

"అమ్మా, మోతి అరుస్తలేదేందే?" ఒంటిపూట బడి నుంచి వచ్చిన సిరీష కిటికీలోంచి కిందికి తొంగి చూసింది. "దాని నీళ్ల గిన్నె బోర్లా పడున్నది. అది లేస్తలేదమ్మా!"

రోజారాణి రేఖకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. భర్తకు చేసింది.

"అది సచ్చేటట్టున్నదయ్యా! దానికి నీళ్లు..."

"ఒక్క పూట దూపకు ఓర్చుకుంటే సస్తదా? నువ్వు దిగకు! నీ కోసమే గద నేను గీ తిప్పలు పడుతున్న!" ఫోన్ పెట్టేశాడు.

పోసవ్వ మంచం మీద లేచి కూర్చుంది. "బిడ్డా, నా మోకాళ్లు సాగుతే నేనే దిగుదును. నోరులేని జీవి పాణం పోతే ఆ ఉసురు మనకొద్దు బిడ్డా! తాళంచెవి నీ కొంగుకే ఉన్నది..."

ఎలా దిగిందో రోజారాణికే తెలియదు! చేతిలో నీళ్ల బకెట్, పైనుంచి కూతురి కళ్లు. కటకటాల దగ్గరికి వచ్చేసరికి ఆమె ముందు ఆ వరండా లేదు. పుట్టింటి పశువుల కొట్టం ఉంది! లోపల మంచానికి కట్టేసిన తమ్ముడున్నాడు. "అక్కా... దూప... దూపైతుందక్కా!" అని వాడు ఏడుస్తుంటే ఆగలేక చెంబుతో నీళ్లు పట్టుకుని పోయింది తను. ఆ నీళ్లు చూడగానే వాడి గొంతు బిగుసుకుపోయి, కళ్లు తేలేసి, పెట్టిన కేక... అయ్యో! పెద్దవాళ్లు ఆమెను బయటికి లాగి గడియ పెట్టేశారు. దాహంతోనే పోయాడు రాందాస్! చుక్క నీరు గొంతు దిగకుండానే పోయాడు!

రోజారాణి కొంగుకున్న తాళంచెవి రెండుసార్లు పక్కకు జారింది. మూడోసారి తాళం ఊడింది. గిన్నెను కాలితో దగ్గరికి లాగి, నీళ్లు పోసి, లోపలికి నెట్టి, ఒక్క గంతులో గోడకు అతుక్కుంది. మోతి కదల్లేదు. నాలుక బయటపడి, పక్కటెముకలు ఎగిసి పడుతున్నాయి.

"తాగే... తాగు తల్లీ!" ఏడుస్తూ గిన్నెను ఇంకాస్త ముందుకు నెట్టింది. ఈసారి చేత్తోనే నెట్టింది.

మోతి మెల్లగా తల ఎత్తింది. నీళ్లను చూసింది. మూతి ముంచి తాగింది. తాగుతూనే ఉంది! గిన్నె ఖాళీ అయితే రోజారాణి మళ్లీ పోసింది. మిగిలిన నీళ్లు దాని వీపు మీద చల్లింది. అది మీదికి రాలేదు, తోక కూడా ఊపలేదు. తల నేల మీద వాల్చి కళ్లు మూసుకుంది. రోజారాణి అక్కడే గచ్చు మీద కూలబడి, చిన్నప్పుడు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది.

ఫోన్ చూసుకుని రేఖ, వెంట భాస్కర్ పరుగున వచ్చేసరికి ఇంటి ముందు రెండు తాళాలు కనిపించాయి. భాస్కర్ కళ్లు ఎర్రబడ్డాయి. "మేము లేనప్పుడు మా ఇంటికి తాళమేస్తరా! నడువు రేఖా, పోలీస్ స్టేషన్‌కు పోదాం!" అంటుండగానే పండరి బండి వచ్చి ఆగింది.

"ఎటన్న పోండ్రి! ఇల్లు నాది!"

"ఇల్లు నీదే అన్నా! కిరాయి కడుతున్నన్ని దినాలు ఈ తలుపు మాది!"

వెనక నుంచి రోజారాణి వచ్చింది. చీర తడిసి ఉంది, జుట్టు చెదిరి ఉంది. వారాల తర్వాత కింది వాకిట్లో ఆమెను చూసి పండరి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవులు తీసి రేఖ చేతిలో పెట్టింది.

"ఏం జేస్తున్నవే! నీ కోసమే గద నేను..."

"తెల్సు! నేనే ఏడిసిన, నేనే పంపియ్యమన్న. కాని ఒక జీవిని దూపకు సంపమన్ననా?" ఆమె భర్త వైపు తిరిగింది. "ఇన్ని దినాలు నేను కుక్కకు భయపడ్డ. ఇయ్యాల నిన్ను సూసి భయపడ్డనయ్యా! నా భయం పేరు జెప్పి నువ్వు గిట్ల అయితుంటే... అది నాకింకా పెద్ద భయం!"

పండరి తల వాలిపోయింది. "నువ్వు నిద్రపోక ఎండిపోతుంటే సూడలేకపోయిన..." అని మాత్రం అన్నాడు. తర్వాత భాస్కర్ వైపు తిరిగాడు. "తప్పైంది తమ్ముడూ," అన్నాడు, నేలను చూస్తూ.

"ముందుగాల మోటరెయ్యిరా పండరీ!" పైనుంచి పోసవ్వ కేక వేసింది.

అతను వెళ్లి మోటరు వేశాడు. రేఖ కళ్లు తుడుచుకుంటూ రోజారాణి చేయి పట్టుకుంది. "ఎందుకక్కా నీకీ గోస! మేమే ఇంకో ఇల్లు సూస్కుంటం. నువ్వు నిమ్మలంగ ఉండు..."

"ఎవరు పొమ్మన్నరు నిన్ను? పొమ్మంటే నోటీసియ్యాలె అన్నవ్ గదా... నేనియ్య!" ఏడుపులోనే రోజారాణికి చిన్న నవ్వు వచ్చింది. "కాని నాకు భయం పోలేదు రేఖా. పోతదో పోదో గూడ తెల్వది. నేను దిగేటప్పుడు దాన్ని కట్టేసి ఉంచు. గంతే!"

మరునాడు పొద్దున్నే రేఖ పిలిచింది. "కట్టేసినక్కా, రా!"

రోజారాణి ముగ్గు గిన్నె పట్టుకుని దిగింది. పక్క సందులోంచి కనిపిస్తున్న వెనక వరండాలో మోతి తల ఎత్తి చూసింది. ఆమె చేయి ఆగింది. మళ్లీ కదిలింది. ఒక చుక్క పెట్టి అటు చూసింది, ఇంకో చుక్క పెట్టి మళ్లీ చూసింది. ముగ్గు అంతా వంకరటింకరగా వచ్చింది. అయినా పూర్తయ్యేదాకా ఆమె పైకి వెళ్లలేదు.