ఇద్దరూ ఆగిపోయిన పేజీ

"అన్నం తినే బల్ల మీద ఆ పెట్టె ఏమిటని మూడు రోజులుగా అడుగుతున్నాను," అంది అమ్మ, మిసో చారు గిన్నెని ల్యాప్‌టాప్‌కి ఆనించి పెడుతూ.

"మూడు రోజులుగా చెబుతూనే ఉన్నాను. నా గదిలోకి వైఫై రాదమ్మా," అంది షినోబు.

"రాకపోతే ఆఫీసు పని ఆఫీసులోనే చేసుకో. చారు ఒలికితే నన్ననకు."

"ఒలికేలా పెట్టిందే నువ్వు!"

నాన్న దుప్పటి కప్పిన వెచ్చటి బల్ల కిందికి కాళ్ళు ఇంకాస్త జరుపుకుని, పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నానమ్మ మాత్రం కమలాపండు ఒలుస్తూ తెర వంక తొంగి చూసింది.

"ఆ ఆకుపచ్చ గీత ఏంటే? ఇందాకటి నుంచీ మిణుకు మిణుకుమంటోంది. కదలదు, మెదలదు."

"అది హమనాక గారు నానమ్మా. దీవిలో లైబ్రేరియన్. ఆయన ఈ పేజీలో ఉన్నట్టు గుర్తు."

"ఉండి ఏం చేస్తున్నాడు?"

అది తెలియకే మూడు వారాలుగా షినోబుకు ఏ పనిలోనూ మనసు నిలవడం లేదు.

"దీవి సంగతి తర్వాత. ఆదివారం పెళ్ళిచూపుల సంగతి చూడు," అంది అమ్మ. "అత్తయ్య ఫోను చేసింది. ఆ పళ్ళ డాక్టరూ, వాళ్ళమ్మా పదకొండింటికల్లా హోటల్‌కి వచ్చేస్తారట. నీలం కిమోనో కడతావా, గులాబీదా?"

"ఇంకా అనుకోలేదు."

"ముప్పై నాలుగేళ్ళొచ్చాయి. ఎప్పుడనుకుంటావు?"

రేవు పట్టణంలోని గ్రంథాలయంలో షినోబుది పదకొండేళ్ళ ఉద్యోగం; అక్కడ అందరూ ఆమెను ఇంటిపేరుతో ఒత్సుకి గారంటారు. నెల కిందటి వరకూ అక్కడ అందరికీ కలిపి ఒకటే నోటుపుస్తకం. ఏ కబురైనా అందులోనే రాయాలి. చదివినవాళ్ళు కింద తమ పేరున్న ఎర్ర ముద్ర వేసి పక్కవాళ్ళకి అందించాలి. ప్రతి మంగళవారం అది పుస్తకాల సంచిలో పడవెక్కి దీవిలోని శాఖకి వెళ్ళొచ్చేది. హమనాక ఆమెకు మొదట నీలి సిరాలోనే పరిచయం. "పిల్లి మళ్ళీ వంటల పుస్తకాల మీద పడుకుంది. లేపలేదు," అని రాసేవాడు. ఆమె కింద ముద్ర వేసి, "మంచి పని చేశారు," అని రాసేది. ముద్ర ఒక్కటి వేస్తే సరిపోతుంది. అయినా రాసేది.

తర్వాత నోటుపుస్తకం పోయింది, ఆన్‌లైన్ పేజీలు వచ్చాయి. ముద్ర వేసే చోటు లేక అందరూ చదివినదాని కింద "చూశాను" అని టైపు చేయడం మొదలుపెట్టారు.

శిక్షణ రోజున హమనాక పడవలో వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు. గాలికి రేగిన జుట్టు, కోటు చేతుల మీద ఉప్పు మరకలు. "ఒకే పేజీలో అందరూ ఒకేసారి రాయొచ్చు, ఒక్కొక్కరి గీత ఒక్కో రంగు," అని చెప్పింది నేర్పే అమ్మాయి. షినోబు మొదటి వాక్యం సగంలో ఉండగానే ఒక ఆకుపచ్చ గీత వచ్చి, దాని నడుమ "తిమింగలం" అని రాసి కూర్చుంది.

"నేను రాస్తుంటే మధ్యలో దూరతారేంటండీ?" అని కసిరింది షినోబు.

అతని ముఖం ఎర్రబడింది. "క్షమించండి ఒత్సుకి గారూ. దీనికి తలుపెక్కడుందో కనపడలేదు. ఉంటే తట్టే వచ్చేవాణ్ణి."

ఆమెకు నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. ఎందుకు ఆపుకున్నానా అని ఇల్లు చేరేదాకా తనను తాను తిట్టుకుంది.

ఆ రోజు నుంచీ ఆమె పేజీలో ఉంటే అతను ఒక్క అక్షరం కొట్టడు. ఒకరి చేతిలో ఉన్న నోటుపుస్తకం లాక్కుని రాయడం ఆమెకూ అలవాటు లేదు. వసంతకాలానికి ముప్పై పుస్తకాల జాబితా ఇద్దరూ కలిసి తయారుచేయాలి. శుక్రవారం గడువు. గురువారం పొద్దుటికి అందులో ఉన్నవి నాలుగు.

"నాలుగేనా?" అన్నారు డైరెక్టరు గారు.

"హమనాక గారు పేజీలో ఉంటున్నారండీ. ఆయన రాయడం అయ్యాక రాద్దామని…"

డైరెక్టరు దీవికి ఫోను చేశారు. అవతలి గొంతు ఆమెకూ వినిపించింది: "ఒత్సుకి గారు లోపలున్నారు సార్. ఆవిడ బయటికి రాగానే మొదలుపెడతాను."

డైరెక్టరు ఫోను పెట్టేసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మిమ్మల్నిద్దర్నీ ఒక గుమ్మం ముందు నిలబెడితే, 'మీరు ముందు, మీరు ముందు' అనుకుంటూ వానలో నానిపోతారు గానీ ఒక్కరూ లోపలికి పోరు. తొందరగా కానివ్వండమ్మా. మార్చితో ఆయన ఒప్పందం అయిపోతుంది. పొడిగించుకుంటారో, ఉత్తరాన సొంతూరికి వెళ్ళిపోతారో రేపు చెబుతానన్నారు."

షినోబు చేతిలోని ముద్ర జారి బల్ల కిందికి దొర్లిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా ఆమె చేతులు ఆమె మాట వినలేదు. చరిత్ర అరలో వంటల పుస్తకాలు పెట్టింది. సర్దిన పత్రికలే మళ్ళీ సర్దింది. టీ పోసుకుని, తాగడం మరిచి, పక్కనే ఇంకో కప్పు పోసుకుంది. కిటికీ అవతల వాన కూడా రేవు మీద అటూ ఇటూ పచార్లు చేస్తోంది తప్ప తెగి కురవడం లేదు.

నాలుగింటికి పేజీ తెరిచింది. ఆకుపచ్చ గీత లేదు. గబగబా టైపు చేసింది: "వెళ్ళకండి."

చెవులు వేడెక్కాయి. వెంటనే చెరిపేసింది. పేజీ తెల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

"ఈ సదుపాయం మాత్రం బాగుంది మినె," అంది పక్క బల్ల దగ్గరి ఉద్యోగినితో. "చెరిపితే మచ్చ కూడా మిగలదు."

"ఎందుకు మిగలదక్కా? పైన గడియారం బొమ్మ ఉంది చూడు. అది నొక్కితే ఎవరు ఎప్పుడేం రాశారో, ఏం చెరిపారో మొత్తం కనిపిస్తుంది."

"ఎవరికి?"

"అందరికీ. దీవి వాళ్ళక్కూడా."

"దాన్ని చెరపడమెలా?"

మినె జాలిగా చూసింది. "చెరిపావని కూడా అందులోకి ఎక్కుతుందక్కా."

షినోబు గడియారం బొమ్మ నొక్కింది. నిజమే. తన మాట అడ్డగీతతో అక్కడే ఉంది, నారింజ రంగులో. దాని కింద నిన్నటి తేదీ. మొన్నటి తేదీ. ప్రతి రోజూ, ఆమె పేజీ మూసిన ఐదు నిమిషాలకి, ఆకుపచ్చ రంగు.

"ఒత్సుకి గారూ, ఇవాళ పిల్లి మీరు పంపిన సంచిలో పడుకుంది." చెరిపేశాడు.

"ఆ రోజు మీరు నవ్వు ఆపుకోవడం చూశాను. అప్పటినుంచీ అది పూర్తిగా చూడాలని ఉంది." చెరిపేశాడు.

"నోటుపుస్తకంలో మీరు రాసినవన్నీ తిరిగి ఇచ్చే ముందు ఎత్తి రాసుకున్నాను." చెరిపేశాడు.

నిన్నటిది: "ఒక్కరు ఉండమంటే ఉంటాను." చెరిపేశాడు. మళ్ళీ అదే రాశాడు. మళ్ళీ చెరిపేశాడు.

షినోబు రెండు కప్పుల టీ చూసి, రెండూ తాగేసింది. చల్లగా, చేదుగా ఉన్నాయి. పేజీలోకి తిరిగి వచ్చేసరికి ఆకుపచ్చ గీత అక్కడ ఉంది. మర్యాద ప్రకారం ఆమె ఇప్పుడు ఆగాలి. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ తీసింది.

"ఉండండి," అని రాసింది. చెరపలేదు.

ఆకుపచ్చ గీత ఉలిక్కిపడినట్టు కదిలింది. "మీరు రాస్తున్నారు. నేను తర్వాత…"

"తర్వాత వద్దు. నేను రాస్తుండగానే రాయండి. మధ్యలో దూరండి. ఏమీ అనను."

మినె ఏదో అడుగుతోంది గానీ షినోబుకు వినపడలేదు.

"ఉంటాను. ఆదివారం తొమ్మిదింటికి మొదటి పడవ. దీవి రేవులో మీ కోసం నిలబడతాను. పిల్లినీ తెస్తాను," అని వచ్చింది.

తర్వాత ఇరవై ఆరు పుస్తకాల పేర్లు గంటలో పడ్డాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ. ఆరింటికి ఆఖరిసారి చూసుకుంటే, "ఉంటాను" అన్న మాట కింద ఊదారంగులో ఒక కొత్త వరుస ఉంది: "చూశాను – డైరెక్టరు."

షినోబు గట్టిగా నవ్వింది. ఈసారి ఆపుకోలేదు.

ఇంట్లో రెండు కిమోనోలూ చాప మీద పరిచి ఉన్నాయి. "నీలమా, గులాబీయా?" అంది అమ్మ, చారు గిన్నెని మళ్ళీ ల్యాప్‌టాప్ పక్కన పెడుతూ. నాన్న పేపరు తిప్పాడు. నానమ్మ కమలాపండు ఒలుస్తోంది.

షినోబు చాప్‌స్టిక్స్ కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"ఆదివారం నేను హోటల్‌కి రావడం లేదు. అత్తయ్యకి నేనే చెప్పుకుని, క్షమాపణ అడుగుతాను. పొద్దున పడవకి దీవికి వెళ్తున్నాను. హమనాక గారిని పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను. ఆయన్ని ఇంకా అడగలేదు. అక్కడికెళ్ళి అడుగుతాను."

పేపరు దిగింది. నానమ్మ చేతిలో కమలాపండు తొన ఆగింది.

అమ్మ కూతురి ముఖంలోకి చూసింది. తర్వాత చెయ్యి చాచి, చారు గిన్నెని ల్యాప్‌టాప్‌కి దూరంగా జరిపింది.