జల్లెడ పట్టిన గొంతు

"రెండిడ్లీ, ఓ టీ" అన్నంతవరకూ ఎర్రమ్మ మాట కొట్టువాడికి వినిపించింది. "తుఫానొస్తంది, కొట్టు కట్టేసి కొండెక్కు" అన్నది మాత్రం వినిపించలేదు. ఆమె పెదవులు కదలడం చూసి, అతను తల దించుకుని చట్నీ వేశాడు.

అది, పుట్టగానే ప్రతి ఒక్కరి చెవి వెనక ఎముకలో నాటే సత్యజల్లెడ పని. తెలిసి ఆడే అబద్ధాన్ని అది చెవిదాకా రానివ్వదు. పాటకు మాత్రం ఒకప్పుడు మినహాయింపు ఉండేది. ఆ సందులోంచే మైలపల్లి ఎర్రమ్మ ర్యాప్ దూరింది. తుఫాను సైరన్ వట్టి నాటకమనీ, ఒడ్డునున్న తమ జాలర్ల పేట ఖాళీ చేయించి రేవు కట్టుకోవడానికి పెద్దలు పన్నిన కుట్ర అనీ పాడింది. పాట పిచ్చిగా పాకింది. ఆ ఏడు సైరన్ మోగినా కదలనివాళ్లు పందొమ్మిదిమంది సముద్రంలో కలిసిపోయారు.

నిన్నటిదాకా ఈలలేసిన జనమే ఆమె వేదికను తగలబెట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఓటేసి మరీ కొత్త చట్టం తెచ్చారు. ఏ విషయంలో అబద్ధమాడి ప్రాణాలు తీశారో, ఆ విషయం మీద ఇక ఏడేళ్లపాటు వాళ్లేం చెప్పినా ఎవరికీ వినిపించదు. ఎర్రమ్మ ఎదురు చెప్పలేదు. బీటుకు సరిపోయిందని కుట్ర అల్లింది తనే కదా! ఆ సిగ్గు ఆమెను ఇంకా కాల్చేస్తూనే ఉంది.

ఇవాళ మళ్లీ తుఫాను; మధ్యాహ్నం మూడింటికి ఉప్పెన తీరం తాకుతుందన్నారు. పేటలో ముప్పై ఇళ్లవాళ్లు ఇంకా ఆ పాటనే నమ్ముకుని కదల్లేదు. ఎర్రమ్మ ముందుగా చిన్నాయన పోలయ్య అరుగెక్కి మొత్తుకుంది. ఆయన వల అల్లుతూ నవ్వాడు.

"సూసినావా అమ్మా, నీ నోరెలా కట్టేసినారో! నీ పాట అబద్దమైతే ఇంత బయమెందుకు ఆళ్లకి?"

జల్లెడ చేసినవాళ్లకు ఈ సంగతి తట్టనే లేదు. ఆమె మౌనమే పేటకు సాక్ష్యమైపోయింది. కొండవైపు చెయ్యి చూపిస్తే, "అలా సెయ్యమని బెదిరించినారు, పాపం" అన్నాడు. రాసి చూపిద్దామంటే, చెవే అన్నీ చదివిపెట్టే కాలంలో పేటలో అక్షరం ముక్క వచ్చినవాళ్లు లేరు.

ఎర్రమ్మ చూపిన చెయ్యి దించేసింది. ఆయన పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. రెండున్నరకు వీధిలోకి నీళ్లొచ్చాయి. అరుగు తడిసింది. ఆమె కదల్లేదు.

"లెగు! నీకేటైనా అయితే మీ నాన్నకి నానేటి సెప్పాల? లెగమన్నానా!"

ఆయన లేచాకే ఆమె లేచింది. కొండ దారి మొదట్లో వాలంటీరు పలకరించాడు. "మొత్తానికి నమ్మారన్నమాట, తాతా?"

"నమ్మడమేటి? నా పిల్ల మునిగిపోద్దని వచ్చినాను" అంటూ పోలయ్య వెనక్కి తిరిగాడు. ఎర్రమ్మ అప్పటికే మోకాటి లోతు నీళ్లలో పేటకేసి నడుస్తోంది. ఒళ్లు మండి, తిట్టుకుంటూ ఆయనా వెనకే నడిచాడు.

ఈసారి ఆమె, ఇంకా కదలని గరికిన వాళ్ల గంగులమ్మ ఇంటి గడపలో కూర్చుంది. గంగులమ్మ ఆమెను జాలిగా చూసింది. పోలయ్య గుమ్మం పట్టుకుని, ఆయాసపడుతూ అన్నాడు.

"తుఫాను సంగతి నాకు తెల్దు గంగులూ. ఇది మాత్రం లెగదు. నువ్వెల్లకపోతే నీ గడపలోనే సచ్చిపోద్ది."

ఆ మాటలో అబద్ధం లేదు. జల్లెడ ఒక్క అక్షరం కూడా ఆపలేదు. గంగులమ్మ లోపలికి వెళ్లి పొయ్యి ఆర్పి వచ్చింది. ఎర్రమ్మ చెయ్యి పట్టుకుని లేపింది.